ఆఖరున వెళ్లేవాడే తాళం వెయ్యాలి

సెలవులకు వచ్చిన మనవడు తాతగారి ఎదట కంప్యూటరు పెట్టి అక్క పెళ్లి ఫొటోలు చూపిస్తున్నాడు. ఫొటోలన్నీ పెన్‌డ్రైవులో వున్నవి. సగం చూశారో లేదో, వంటింట్లోంచి "ఉప్మా చల్లారిపోతోంది, రండర్రా!" అని కేక వినిపించింది. కుర్రవాడు లేస్తూ లేస్తూ పెన్‌డ్రైవును చటుక్కున లాగి జేబులో వేసుకున్నాడు. తెరమీద పెళ్లికూతురు మాత్రం అట్లాగే నవ్వుతూ వుండిపోయింది.

"ఒరే, అది తీసేశావు గదా! బొమ్మ ఇంకా వున్నదేమిట్రా?" అన్నారు తాతగారు.

"దానికి ఇంకా తెలియదు, తాతయ్యా," అన్నాడు మనవడు.

నవ్వులాటకు అన్న మాటే గాని, అందులో చాలా వున్నది. చూపించే వస్తువు వెళ్లిపోయింది. చూపిస్తున్న ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. రేపో మాపో కాదు, మరుక్షణంలోనే అది "తరువాతి ఫొటో ఏదీ?" అని అడుగుతుంది. అప్పుడు జవాబు చెప్పవలసినవారు ఎవరు? వారుకూడా పెన్‌డ్రైవుతోపాటు వెళ్లిపోతే ఏమవుతుంది? ఈ చిన్న ప్రశ్న కంప్యూటరు పండితులను ఎన్నో ఏళ్లుగా వేధిస్తున్నది. దీనికి సరైన జవాబు చెప్పలేకపోయినందువల్ల కొన్ని దేశాలలో మనుషుల జేబుల్లోని ఫోన్లు దొంగలపాలయిన సందర్భంకూడా వున్నది. ఆ కథ చెప్పేముందు కాస్త వెనకనుంచి రావాలి.

దుబాసీల కొలువు

కంప్యూటరులో పెత్తనమంతా ఆపరేటింగ్ సిస్టం అనే ఒక పెద్ద ప్రోగ్రాముది. ఎవరికి ఎంత చోటు ఇవ్వాలి, ఎవరి పని ముందు చెయ్యాలి, ఎవరిని ఆగమనాలి, ఇవన్నీ అది చూసుకుంటుంది. ఐతే దానికి వచ్చిన చిక్కు ఒకటి వున్నది. కంప్యూటరుకు తగిలించే పరికరాలు వేలరకాలు. ప్రింటరు ఒక కంపెనీది, కెమెరా మరొక కంపెనీది, పెన్‌డ్రైవు ఇంకొకరిది. ఎవరి భాష వారిది. అన్ని భాషలూ నేర్చుకోవటం పెత్తందారుకు తలకు మించిన పని. అందుకని, పూర్వం కుంఫిణీ దొరలు దుబాసీలను పెట్టుకున్నట్లు, అదికూడా ఒక్కొక్కరకం పరికరానికి ఒక్కొక్క దుబాసీని పెట్టుకుంటుంది. ఈ దుబాసీనే డ్రైవరు అంటారు. బండి తోలే డ్రైవరు కాదు, మాట అందించే డ్రైవరు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పేరు మీలో చాలామంది వినే వుంటారు. ఫిన్లండు దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే యువకుడు 1991లో దీన్ని మొదలుపెట్టాడు. ఇవాళ మన చేతుల్లో వున్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోనూ అడుగున వున్నది అదే. ఆ లినక్స్ గ్రంథాన్ని విప్పి చూస్తే అందులో సగానికి పైగా ఈ డ్రైవర్లే వుంటవి!

దుబాసీలు ఇంతమంది వున్నప్పుడు ఎవరో ఒకరు తప్పు చెయ్యక మానరు. మామూలు ప్రోగ్రాము తప్పుచేస్తే అదొక్కటే ఆగిపోతుంది. మనం విసుక్కుని మళ్లీ తెరుస్తాం. కాని లినక్స్‌లో దుబాసీ కూర్చునేది పెత్తందారు పక్కనే, కొలువుకూటంలోనే. సర్వాధికారాలూ వున్న చోటది. అక్కడ కాలుజారితే యంత్రం మొత్తం స్తంభించిపోవచ్చు. అంతకంటె ఘోరం, దొంగకు దొడ్డితలుపు తెరుచుకోవచ్చు.

సత్రంలో గది

దుబాసీ తన పరికరాన్ని గురించిన వివరాలన్నీ ఒకచోట వరసగా రాసిపెట్టుకుంటాడు. పరికరం పేరేమిటి, ఎంతవరకు చదివాం, ఎవరెవరు ఏమి అడిగారు, ఇంకా ఏ పని బాకీ వున్నది, ఇట్లా. ఈ పద్ధతి ప్రకారం అమర్చిన వివరాలనే డేటా స్ట్రక్చర్ అంటారు. మనం సులువుగా "పద్దు" అందాం.

ఈ పద్దు వుండేందుకు చోటు కావాలిగదా! కంప్యూటరు మెమరీని ఒక పెద్ద సత్రంగా ఊహించుకోండి. వచ్చినవారు గుమాస్తాను అడిగి గది తీసుకుంటారు. పని కాగానే ఖాళీచేసి అప్పగిస్తారు. గుమాస్తా ఆ గదిని వెంటనే మరొకరికి ఇస్తాడు. యాత్రికులు ఎక్కువ, గదులు తక్కువ. ఖాళీ గది ఎక్కువసేపు ఖాళీగా వుండదు. సెకనులో లక్షో వంతు చాలు, కొత్తవాళ్లు సామాను దింపుకుంటారు.

పెన్‌డ్రైవు గుచ్చగానే దుబాసీ ఒక గది తీసుకుని తన పద్దును అందులో పెడతాడు. ఆ పద్దుతో పని వున్నవారందరికీ గది నంబరు రాసిన చీటీ ఒకటి ఇస్తాడు. దీన్ని పాయింటరు అంటారు. ఫొటోలు చూపించే ప్రోగ్రాము తరఫున పనిచేసే వారి దగ్గిర ఒక చీటీ, ఫైళ్లు నకలు చేసేవారి దగ్గిర మరొకటి. బాగానే వున్నది.

ఇప్పుడు మన కుర్రవాడు పెన్‌డ్రైవు లాగేశాడు. దుబాసీకి కబురందింది. "పరికరమే పోయాక పద్దెందుకు?" అని అతడు తొందరపడి గది ఖాళీచేసి గుమాస్తాకు అప్పగించాడు. మరి చీటీలు పట్టుకున్నవారి సంగతి? వారికి తెలియదు. వారి చీటీమీద గది నంబరు అట్లాగే వున్నది. తిన్నగా ఆ గదిలోకి వెళ్లి, పద్దు ఇంకా అక్కడే వున్నదనుకుని, చదవటం, దిద్దటం మొదలుపెడతారు. ఈలోగా ఆ గదిలో వేరే సంసారం దిగింది! మన మనిషి వారి కాగితాలు చదువుతున్నాడు, వారి లెక్కలమీద తన లెక్కలు రాస్తున్నాడు. ఖాళీచేసిన చోటును మళ్లీ వాడటం అనే తప్పు ఇదే. డ్రైవర్లలో కనిపించే తప్పులన్నిటిలోకీ ప్రమాదకరమైన జాతికి చెందింది.

పరికరం వేరు, పద్దు వేరు

ఇక్కడ గ్రహించవలసింది ఒకటే. పరికరం ఆయుర్దాయం వేరు, దాని పద్దు ఆయుర్దాయం వేరు. ఊళ్లో ఒక మనిషి పోతే, ఆరోజే కిరాణాకొట్టువాడు అతని పద్దు చింపెయ్యడు. ఇవ్వవలసినవారు, పుచ్చుకోవలసినవారు వస్తారు. లెక్క తేలుతుంది. ఆ తరువాతనే ఆ పుటకు అడ్డగీత పడుతుంది.

డ్రైవరుకూడా అట్లాగే చెయ్యాలి. పరికరం వెళ్లిపోగానే చెయ్యవలసింది పద్దు తీసివెయ్యటం కాదు. పద్దుమీద "పరికరం లేదు" అని పెద్ద అక్షరాలతో రాయటం. ఆ తరువాత చీటీ పట్టుకుని ఎవరు వచ్చినా ఆ మాట చదువుకుని, "సరే, పని కాదన్నమాట" అని మర్యాదగా వెనక్కి పోతారు. ఫొటోలు చూపించే ప్రోగ్రాము "ఫైలు దొరకలేదు" అని మనకు చెబుతుంది. కంప్యూటరు నిక్షేపంగా వుంటుంది. చీటీలు పట్టుకున్నవారందరూ సెలవు తీసుకున్నాకనే గది ఖాళీ అవుతుంది.

బాగానే వున్నది. కాని చీటీలు ఎందరి దగ్గిర వున్నవో, ఆఖరువాడు ఎప్పుడు వెళ్లాడో తెలిసేదెట్లా?

గుమ్మంమీది పలక

జార్జి కాలిన్స్ అనే గణితవేత్త 1960లో దీనికి ఒక ఉపాయం ప్రకటించాడు. చిన్నపిల్లలకుకూడా అర్థమయ్యే ఉపాయం. గది గుమ్మానికి ఒక పలక తగిలించండి. చీటీ తీసుకున్న ప్రతివాడూ పలకమీద ఒక గీత గియ్యాలి. పని అయిపోయినవాడు ఒక గీత చెరపాలి. ఎవడు చెరిపితే పలక ఖాళీ అవుతుందో, వాడే గది ఖాళీచేసి తాళంచెవి గుమాస్తాకు ఇవ్వాలి. గ్రంథాలయంలో ఆఖరున లేచినవాడు దీపాలు ఆర్పి తాళం వేసినట్లన్నమాట. ఆ ఆఖరివాడు ఎవరో ముందుగా ఎవరికీ తెలియనక్కరలేదు. దుబాసీయే కావచ్చు, ఫొటోల ప్రోగ్రాము కావచ్చు. ఎవరైనా ఒకటే.

లినక్స్ డ్రైవర్లు రాసేవారు చాలాకాలం ఈ పలకలను ఎవరికి తోచినట్లు వారు తయారుచేసుకున్నారు. దానితో ఎవరి తప్పులు వారివి. 2004లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అనే ఆయన అందరికీ పనికివచ్చే ఒక చిన్న పలకను తయారుచేసి, దానికి కెరెఫ్ అని పేరు పెట్టాడు. ఆ యేడే కెనడాలోని ఒట్టావా నగరంలో జరిగిన లినక్స్ సభలో దాన్నిగురించి ఒక వ్యాసంకూడా సమర్పించాడు. దానికి మూడే నియమాలు.

మొదటిది: చీటీ నకలు మరొకరికి ఇచ్చేముందే పలకమీద గీత గియ్యాలి. ఇచ్చిన తరువాత గీద్దామనుకుంటే ఆ మధ్యలో కొంప మునుగుతుంది.

రెండోది: పని కాగానే గీత చెరపాలి. చెరిపిన తరువాత ఆ గదివైపు తిరిగి చూడరాదు.

మూడోది కాస్త సూక్ష్మమైనది. చేతిలో చీటీ లేకుండా, సత్రం రిజిస్టరులో వెతికి గది నంబరు తెలుసుకుని వచ్చే మనిషి వున్నాడనుకోండి. అతడు గుమ్మందాకా వచ్చి సుద్దముక్క తియ్యబోతున్నాడు. సరిగ్గా ఆ క్షణానికే లోపలివాడు ఆఖరి గీత చెరుపుతున్నాడు. ఇతడు గీత గీశాడు. అతడు పలక ఖాళీ అయిందనుకుని గది అప్పగించాడు! ఎవరి లెక్క ప్రకారం వారిది ఒప్పే, కాని సత్రంలో తగాదా తప్పదు. అందుకని రిజిస్టరు చూడటం, గీత గియ్యటం రెండూ ఒకే తాళం కింద జరగాలి. ఆ సమయంలో ఆఖరి గీత ఎవరూ చెరపకూడదు.

ఇప్పటి కంప్యూటర్లలో నాలుగేసి, ఎనిమిదేసి ప్రాసెసర్లు ఒకేసారి పనిచేస్తున్నవి. అంటే ఒకే సత్రంలో ఎనిమిదిమంది గుమాస్తాలు ఏకకాలంలో పరుగులు పెడుతున్నారన్నమాట. ఈ మూడో నియమం తప్పినందువల్ల వచ్చే లోపం రోజుకు కోటిసార్లలో ఒకసారి బయటపడవచ్చు. పరీక్షించినప్పుడు కనపడదు. ఎవరి ఇంట్లోనో, ఏ అర్ధరాత్రో కనపడుతుంది.

పలక తప్పితే

గీత చెరపటం మరిచిపోతే ఏమవుతుంది? గది ఎన్నటికీ ఖాళీకాదు. ఒక గది పోతే పోయింది, ఫరవాలేదనిపిస్తుంది. కాని అట్లా రోజూ ఒకటి చొప్పున పోతే కొన్నాళ్లకు సత్రమంతా తాళాలే. యంత్రం మందగించి, చివరకు ఆగిపోతుంది. ఒకే మనిషి రెండుసార్లు చెరిపితే? లోపల మరొకరు వుండగానే గది అప్పగింత అయిపోతుంది. ఇది మరీ ప్రమాదం.

ఈ రెండిటినీ మించిన చమత్కారం 2016 జనవరిలో బయటపడింది. లినక్స్‌లో తాళంచెవుల గుత్తులను భద్రపరిచే భాగం ఒకటి వున్నది. తాళంచెవులంటే ఇక్కడ రహస్య సంకేతాలని అర్థం. అది డ్రైవరు కాదుగాని, పలక మాత్రం అదే. అందులో ఒకచోట గీత చెరపటం మరిచారు. మామూలుగా ఐతే ఒక గది వృథా, అంతే. కాని ఆ పలకకు ఒక హద్దు వున్నది. దానిమీద 429 కోట్ల 49 లక్షల 67 వేల 296వ గీత పడగానే లెక్క తిరిగి సున్నకు వస్తుంది, పాతకాలపు కార్లలో మైళ్ల లెక్క తొంభైతొమ్మిదివేలు దాటి మళ్లీ సున్నలకు వచ్చినట్లు. పలక సున్న అయితే గది ఖాళీ అని అర్థం గదా! అన్నికోట్లసార్లు పనిగట్టుకుని ఎవరు గీస్తారని మనం అనుకుంటాం. కంప్యూటరుకు అది అరగంట పని. ఆ లోపాన్ని కనిపెట్టినవారు మామూలు కంప్యూటరుమీదనే చేసి చూపించారు.

2017లో ఈ పలకను మార్చారు. కొత్త పలక నిండిపోతే తిరిగి సున్నకు రాదు. నిండినచోటనే బిగుసుకుపోతుంది. ఆ గది మరి ఎన్నటికీ ఖాళీకాదు. గది పోయినా ఫరవాలేదు, దొంగకు తాళంచెవి ఇవ్వకూడదు అనే నీతి అది.

పంక్తి లేచేదాకా

కొన్నిచోట్ల పలక పద్ధతికూడా కుదరదు. సెకనుకు లక్షలసార్లు చదివే పద్దులు వుంటవి. వచ్చిన ప్రతివాడూ పలకదగ్గిర ఆగి గీత గీస్తూ కూర్చుంటే గుమ్మంలోనే తొక్కిసలాట. అటువంటి వాటికి పాల్ మెకెన్నీ అనే పండితుడు, ఆయన సహచరులు ఒక పద్ధతి పెంపొందించారు. 2002లో అది లినక్స్‌లో చేరింది.

పేరు మనకు అనవసరం. పద్ధతి మాత్రం మన పెళ్లి భోజనాలు చూసినవారికెవరికైనా తెలిసినదే. పంక్తిలో ఒకరి భోజనం ముందుగా అయిపోతుంది, మరొకరిది ఆలస్యమవుతుంది. వడ్డించేవారు ఎవరెవరు ఎప్పుడు ముగించారో లెక్క రాయరు. పంక్తి అంతా లేచేదాకా ఆగి, అప్పుడే విస్తళ్లు ఎత్తుతారు. కొత్తగా వచ్చినవారిని కొత్త పంక్తిలో కూర్చోబెడతారు. పద్దు తీసివెయ్యదలచినవాడుకూడా అంతే. ముందు ఆ పద్దును రిజిస్టరులోంచి తప్పిస్తాడు. ఇక కొత్తవారికి అది కనపడదు. అప్పటికే చదువుతున్నవారందరూ ఒక్కసారి లేచేదాకా ఆగుతాడు. ఆ తరువాతనే గది అప్పగిస్తాడు.

నాలుగువందల బైట్ల కథ

ఇప్పుడు ఫోన్ల దొంగతనం సంగతి.

ఆండ్రాయిడ్ ఫోనులో బైండర్ అనే డ్రైవరు ఒకటి వున్నది. దానికి కంటికి కనిపించే పరికరమేదీ లేదు. ఫోనులోని ప్రోగ్రాములమధ్య ఉత్తరాలు అందించటమే దాని వుద్యోగం. ఆ పనిలో పాల్గొనే ప్రతివారి పేరనా అది ఒక చిన్న పద్దు పెడుతుంది. 400 బైట్లకు అటూ ఇటూ వుంటుంది ఆ పద్దు. అందులోనే ఒక గంట వంటిది వున్నది. "ఉత్తరం వస్తే నాకు చెప్పండి" అనేవారు ఆ గంటదగ్గిర తమ పేరు రాసుకుని, గంట వున్న చోటును తమ చీటీమీద ఎక్కించుకుంటారు.

ఉత్తరాలు అందుకునేవాడు "నేను వెళ్లిపోతున్నాను" అన్నాడనుకోండి. బైండరు అతని పద్దు తీసివేసి గది అప్పగించేది. గంటదగ్గిర పేరు రాసుకున్నవారికి మాత్రం ఆ కబురు చెప్పేది కాదు! కొంతసేపటికి వారు తమ పేరు కొట్టివేసుకుందామని పాత చోటుకే వెళ్లేవారు. గంట లేదు, పద్దు లేదు. వేరేవారి గదిలో వేరేవారి కాగితంమీద కొట్టివేతలు పడేవి. తెలివైన దొంగ ఏం చేస్తాడు? ఆ రెండు క్షణాలమధ్య ఖాళీ అయిన గదిలో తనకు కావలసిన కాగితాన్ని ముందుగా పెట్టి వుంచుతాడు. ఆ కొట్టివేతనే ఆధారంగా చేసుకుని మెట్టుమీద మెట్టు ఎక్కి ఫోనుకంతకూ అధికారి అయి కూర్చుంటాడు. మీ ఉత్తరాలు, మీ ఫొటోలు, మీ సంభాషణలు, అన్నీ అతని చేతిలోకి వస్తవి. ఒక మోసపు ఆప్ ఫోనులో చేరితే చాలు.

ఇందులో విచారించవలసిన సంగతి మరొకటి వున్నది. ఈ లోపాన్ని 2017 నవంబరులోనే ఒక పరీక్షా యంత్రాంగం పట్టుకున్నది. 2018 ఫిబ్రవరిలో మందుకూడా వేశారు. మందు ఎంత? కొద్ది పంక్తులు. "గంట తీసేస్తున్నాం, మీ పేర్లు కొట్టేసుకోండి" అని వెళ్లేముందు చాటింపు వెయ్యటం, అంతే. కాని ఆ మందు ఆండ్రాయిడ్ వారు నెలనెలా ప్రకటించే రక్షణ జాబితాలోకి ఎక్కలేదు. దానితో అప్పటికే జనం చేతుల్లో వున్న ఎన్నోరకాల ఫోన్లకు అది అందలేదు. గూగుల్‌వారి సొంత పిక్సెల్ 2 ఫోనుకుకూడా అందలేదు. 2019 సెప్టెంబరులో, ఈ లోపాన్ని ఎవరో నిజంగానే వాడుకుంటున్నారన్న సమాచారం వచ్చింది. గూగుల్‌లోనే ప్రాజెక్ట్ జీరో అనే బృందానికి చెందిన మాడీ స్టోన్ అనే ఆమె దాని జాడ తీసి, అది పాతలోపమేనని తేల్చింది. అక్టోబరులో లోకానికి వెల్లడిచేశారు. ఆ నెలలోనే ఆండ్రాయిడ్ రక్షణ జాబితాలోనూ అది చేరింది. మందు తయారై ఇరవై నెలలు గడిచిన తరువాత!

నమ్మకమైన నౌకరు

తప్పులు తగ్గించటానికి చేసిన సదుపాయాలే ఒక్కొక్కప్పుడు కొత్త తప్పులకు దారితీస్తవి. 2007లో లినక్స్ డ్రైవర్లకు ఒక నమ్మకమైన నౌకరును ఇచ్చారు. దుబాసీ తన పరికరంకోసం తీసుకున్న వస్తువులన్నీ ఈ నౌకరుకు ఒప్పచెబితే చాలు. పరికరం వెళ్లిపోగానే నౌకరు అన్నిటినీ తనంతట తానే వరసగా తిరిగి అప్పగిస్తాడు. మరిచిపోవటమనే మాట లేదు. డ్రైవర్లు రాసేవారికి ఎంతో హాయిగా వున్నది. వందలకొలది డ్రైవర్లలో ఈ నౌకరు చేరాడు.

ఐతే నౌకరుకు తెలిసింది పరికరం ఎప్పుడు వెళ్లిందన్న ఒక్కటే. చీటీలు ఇంకా ఎవరి దగ్గిర వున్నవో అతనికి తెలియదు. పరికరానికి మాత్రమే చెందిన వస్తువులను అతనికి ఒప్పచెబితే మంచిదే. ప్రోగ్రాములు చీటీలు పట్టుకున్న పద్దునుకూడా ఒప్పచెబితే, పెన్‌డ్రైవు లాగిన మరుక్షణమే దాన్నికూడా తీసుకుపోయి అప్పగిస్తాడు. మళ్లీ మొదటి కథే! 2022లో ఐర్లండులోని డబ్లిన్‌లో జరిగిన లినక్స్ నిపుణుల సభలో లారెంట్ పిన్‌షార్ అనే ఆయన ఈ విషయాన్నే ఎత్తి, ఈ అలవాటు హానికరమని గట్టిగా చెప్పాడు. ఆయన కెమెరా డ్రైవర్లలో ఆరితేరినవాడు. కెమెరా తీసేసినా దానిలోంచి బొమ్మ చూస్తున్న ప్రోగ్రాము వుండనే వుంటుంది గదా!

నౌకరు నమ్మకస్తుడే. తప్పు అతనిది కాదు. ఎప్పుడు ఖాళీ చెయ్యాలో తెలియనివాడికి తాళంచెవులు ఇచ్చినవారిది.

కాపలాదారులు

ఇటువంటి తప్పులను పట్టుకునేందుకు కాపలాకూడా పెట్టారు. పాత పద్ధతి ఒకటి వున్నది. ఖాళీ అయిన గది గోడలనిండా ఒకే గుర్తు రాసి వుంచుతారు. లినక్స్‌లో ఆ గుర్తు "6బి". యంత్రం ఆగిపోయినప్పుడు వచ్చే చిట్టాలో "6బి6బి6బి6బి" అని కనిపించిందా, అనుభవజ్ఞులు చూడగానే "ఖాళీ గదిలోకి ఎవరో వెళ్లారు" అని చెప్పేస్తారు. 2015లో అంతకంటె చురుకైన కాపలాదారు వచ్చాడు. ఇతడు ఖాళీ అయిన గదిని వెంటనే మరొకరికి ఇవ్వనివ్వడు. కొంతకాలం తాళం వేసి, పక్కన నిలబడి చూస్తాడు. పాత చీటీతో ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుంటాడు. దీనివల్ల యంత్రం వేగం బాగా తగ్గుతుంది. అందుకని పరీక్షలప్పుడే ఇతన్ని పిలుస్తారు.

బైండరు తప్పును పట్టుకున్న పరీక్షా యంత్రాంగం పేరు సిజ్‌కాలర్. డ్రైవర్లను రాత్రింబవళ్లు వింత వింత ప్రశ్నలతో విసిగించటమే దాని పని. 2017లో ఆండ్రే కొనోవలోవ్ అనే యువకుడు దీన్ని యూఎస్‌బీ డ్రైవర్లమీదికి వదిలాడు. ఆ నవంబరులో ఆయన ఒక్కసారిగా 14 లోపాలు ప్రకటించాడు. వాటిలో కొన్ని మనం చెప్పుకుంటున్న జాతివే. దొంగబుద్ధితో తయారుచేసిన ఒక పరికరాన్ని గుచ్చటంతోనే కంప్యూటరును కూలదోయవచ్చునని వాటివల్ల తేలింది.

ఇంకొక మార్గం, తప్పు రాయటమే కష్టమయ్యే భాషలో రాయటం. లినక్స్ ఎక్కువభాగం సి అనే భాషలో వున్నది. అందులో చీటీలమీద ఆంక్షలు లేవు. రస్ట్ అనే కొత్త భాషలో ప్రతి వస్తువుకూ యజమాని వుండాలి. అరువు తీసుకున్నవాడు యజమానికంటె ఎక్కువకాలం దాన్ని వుంచుకునేట్లు రాస్తే, ఆ ప్రోగ్రామును తయారుకానివ్వరు. 2022 డిసెంబరులో వెలువడిన లినక్స్ 6.1లో ఈ భాషకు తొలిసారిగా ప్రవేశం దొరికింది. ఇది మంచి కాపలాయే. ఐనా పెన్‌డ్రైవు లాగే కుర్రవాణ్ణి ఏ భాషా ఆపలేదు. పద్దు ఎవరిది, ఎంతకాలం వుండాలి అన్న నిర్ణయం చేసేది ఎప్పటికీ మనిషే.

మనవంతు

ఇదంతా పండితుల గొడవ, మనకేమిటి అంటారా? రెండు చిన్న సంగతులు వున్నవి.

పెన్‌డ్రైవు తీసేముందు "తీసివేయవచ్చునా?" అని కంప్యూటరును అడిగే మీట ఒకటి వుంటుంది. దాన్ని నొక్కండి. మంచి డ్రైవరు ఐతే, అడగకుండా లాగినా యంత్రం కూలిపోకూడదు. అది రాసినవారి బాధ్యత. కాని మీరు దాచమన్న ఫైలు ఇంకా పెన్‌డ్రైవుదాకా చేరి వుండకపోవచ్చు. చేరేదాకా ఆగటం మన బాధ్యత.

రెండోది, ఫోను "కొత్త సవరణ వచ్చింది, వేసుకుంటారా?" అని అడిగినప్పుడు రేపు, ఎల్లుండి అని వాయిదా వెయ్యకండి. బైండరు కథలో మందు తయారై కూడా జనానికి అందక ఇరవై నెలలు గడిచినవి. అందిన మందునుకూడా అలమారులో పెట్టుకుంటే ఇక చెప్పేదేమున్నది?

ఉప్మా తిని వచ్చాక తాతగారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. మనవడు పెన్‌డ్రైవు గుచ్చి మిగిలిన ఫొటోలు చూపించాడు. అంతా అయ్యాక కుర్రవాడు లాగబోతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఆగరా! ముందు దానికి చెప్పు."